హవాయి చెప్పు కప్ప: పాతకాలం గాలం ఎరలు ఇంకా ఎందుకు పనిచేస్తున్నాయి?

 

ఇవాళ నా చేతుల్లో రెండు వస్తువులున్నాయి. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ళ కోసం చెప్తాను. ఎడమ చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో 14 లూర్లు, అంటే చేపని మోసం చేసే ఉత్తుత్తి ఎరలు. మెరిసే కళ్ళు, ఒంటి నిండా పొలుసుల డిజైన్. ఒకదానికైతే కడుపులో లైటు, దానికి యూఎస్‌బీ చార్జింగ్ కూడా. అన్నీ ఆన్‌లైన్‌లో కొన్నవే. మొత్తం 3,200 రూపాయలు.

కుడి చేతిలో ఉన్నది అరిగిపోయిన హవాయి చెప్పులోంచి కోసిన ముక్క. బొటనవేలంత ఉంటుంది. వెనక రెండు సైకిల్ ట్యూబు పీలికలు, వీపుకి ఆనుకుని ఒక పెద్ద గాలం ముల్లు. ఇది కప్ప. అంటే, మా పెదనాన్న దీన్ని కప్ప అంటాడు.

డబ్బా పట్టుకుని 11 రోజులు తిరిగా. ఒక్క చేప పడలేదు. చెప్పు ముక్కతో రెండో పొద్దున్నే కొర్రమీను పడింది.

ఎందుకు? ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే.

కొత్తగా వచ్చినవాళ్ళకి నా గురించి రెండు ముక్కలు. నేను బీటెక్ చేసి, హైదరాబాద్‌లో ఐదేళ్ళు కోడ్ రాశాను. ఒకరోజు ఒక వీడియో కాల్‌లో మా టీమ్ మొత్తానికి టాటా చెప్పేశారు. ఇరవై నిమిషాల కాల్. బ్యాగు సర్దుకుని ఊరొచ్చేశాను. మాది పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య ఒక ఊరు. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022లో బాపట్ల జిల్లాలో కలిపారు. నల్లరేగడి నేల. చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప. సాగర్ కుడి కాలవకి చివరి ఆయకట్టు, అంటే నీళ్ళు అందరికంటే ఆఖర్న వచ్చే చోటు. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళు వదిలినప్పటి నుంచీ మా వైపు బతుకులు ఆ కాలవ చుట్టూనే తిరుగుతున్నాయి.

మార్చిలో ఊళ్ళో అందరికీ పనే. మిరప కోతలు, కల్లాల్లో ఆరబోతలు. నాకు మాత్రం పని లేదు. ఇంట్లో కూర్చుంటే "ఇంటర్వ్యూలు ఏమైనా వచ్చినయ్యా?" అని వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. అందుకని గాలం పట్టుకుని డ్రెయిన్ గట్టుకి పోయేవాణ్ణి. నిజం చెప్పాలంటే చేపల కోసం కాదు, ఆ ప్రశ్న తప్పించుకోడానికి.

ఆ టైములో పెదనాన్న రాత్రిళ్ళు కల్లంలో కాపలా పడుకునేవాడు. తెల్లారి ఇంటికి వస్తూ నా దగ్గర ఆగాడు. డబ్బా తెరిచి చూపించా.

"ఏందిరా అబ్బాయ్ ఇది? బొమ్మల కొలువు పెట్టావా?" అన్నాడు.

"లూర్లు పెదనాన్నా. చేప అనుకుని చేప మింగుద్ది."

ఆయన లైటున్న దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుందిరా. నాకే మింగబుద్దేస్తంది" అని మళ్ళీ డబ్బాలో పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడు నవ్వుకున్నా. తర్వాత ఆలోచిస్తే అసలు విషయం ఆ మాటలోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మాకు మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. డబ్బులిచ్చేవాడు వేరు, వాడేవాడు వేరు. స్కూలు యాప్ కొనేది ప్రిన్సిపాల్, దాంతో తిప్పలు పడేది పిల్లలు. లూరు కూడా అంతే. కొనేది మనం, కొరకాల్సింది చేప. ఫోన్‌లో ఫొటో చూసి మనం కొంటాం కాబట్టి, ఆ ఫొటోలో మనకి నచ్చేలా తయారుచేస్తారు. పొలుసుల మెరుపు, కంట్లో ఎర్ర చుక్క, డబ్బా మీద పేరు, ఇవన్నీ మన కోసం. చేప దగ్గర ఫోన్ లేదు.

సరే, మరి చేపకి ఏం కావాలి? మన కొర్రమీను సంగతే చూద్దాం.

అమెరికాలో ఎరల కథలన్నీ బాస్ అనే చేప చుట్టూ తిరుగుతాయి. మన కాలవల్లో బాస్ ఉండదు. కానీ ఆ పని చేసే చేప మనకుంది, అదే కొర్రమీను. రెండూ వెంటపడి వేటాడే రకం కాదు, మాటేసి కొట్టే రకం. గుర్రపుడెక్క కిందో, జమ్ము మొదట్లోనో, తూటికాడల నీడలోనో కదలకుండా ఉంటాయి. దగ్గరికేదైనా వస్తే ఒక్క ఊపులో నోట్లో వేసుకుంటాయి. తెలంగాణవాళ్ళకి రాష్ట్ర చేప కూడా ఇదే.

కొర్రమీనుకి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇది నీళ్ళ మీదకొచ్చి గాలి పీలుస్తుంది. అందుకే ఎండాకాలం బురదగుంటలో మిగతా చేపలన్నీ తేలిపోయినా ఇది బతుకుతుంది. చేపల మార్కెట్లో తడి గోనెసంచి కింద గంటల తరబడి ప్రాణంతో ఉండేదీ ఇందుకే. అంటే ఇది నీళ్ళ పైభాగంతో రోజూ పనిపడే చేప. పైన ఏం కదులుతుందో దానికి బాగా తెలుసు.

ఇప్పుడు దాని వైపు నుంచి చూడండి. మీరు మురికి నీళ్ళలో, కలుపు కింద ఉన్నారు. పైన వెలుతురు. ఆ వెలుతురులో ఒక నల్లటి ఆకారం టప్పుమని పడింది. ఆగింది. మళ్ళీ రెండుసార్లు కదిలింది. మీకు కనబడేది దాని పొట్టభాగం నీడ. వీపు మీద ఏ రంగు వేశారో మీకెట్లా తెలుస్తుంది? కళ్ళకంటే ముందు కదలిక తెలుస్తుంది. చేప ఒంటి పక్కన తలనుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది. నీళ్ళ అలజడిని పసిగట్టేది అదే. చేపకి అందే సమాచారం ఇంతే: సైజు, నీడ, చప్పుడు, మధ్యలో ఆగడం. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే చెప్పు ముక్క కూడా కప్పే.

నా డబ్బాలోవి ఎందుకు ఫెయిలయ్యాయో కూడా అప్పుడు అర్థమైంది. వాటిలో ఎక్కువ భాగం తేటనీళ్ళ కోసం, కలుపు లేని పెద్ద చెరువుల కోసం చేసినవి. ఒక్కోదానికి కింద మూడేసి ముళ్ళ గాలాలు రెండు. మా డ్రెయిన్‌లో వేస్తే ప్రతిసారీ అరకిలో నాచు పడేది. చేప ఉన్న చోటికి ఎర చేరందే చేపని తప్పుపట్టి ఏం లాభం?

ఇక్కడ ఒక చిన్న హిస్టరీ. ఇదంతా మన ఒక్క ఊరి గొడవ కాదు.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో డొవాజియాక్ అని ఒక ఊరు. అక్కడ జేమ్స్ హెడన్ అనే ఆయన ఉండేవాడు. ఆయన ఒకరోజు చెరువు గట్టున కూర్చుని ఊరికే ఒక చెక్కముక్క చెక్కి, లేస్తూ దాన్ని నీళ్ళలోకి విసిరాడట. ఒక బాస్ వచ్చి దాన్ని గట్టిగా కొట్టిందట. ఇది కథగా చెప్పుకునేది. కానీ 1898 ప్రాంతంలో ఆయన చేత్తో చెక్కిన చెక్క కప్పలు నిజం. ఇవాళ పాతవస్తువులు సేకరించేవాళ్ళు వాటి కోసం పోటీలు పడతారు. తర్వాత ఆయన పేరుతో కంపెనీ వచ్చింది. ఆ కంపెనీ 1939లో తెచ్చిన జారా స్పూక్ అనే ఎర చూస్తే మీరు నవ్వుతారు. చుట్ట లాగా ఉంటుంది. నీళ్ళలో దూకదు, మునగదు. దారం కొంచెం కొంచెంగా గుంజితే పైన ఎడమకీ కుడికీ తల ఊపుకుంటూ వస్తుంది. అంతే. ఇవాళ్టికీ అమ్ముతున్నారు.

దానికి ఒక ఏడాది ముందు, 1938లో, ఫ్రెడ్ ఆర్బోగాస్ట్ అనే ఆయన జిట్టర్‌బగ్ తెచ్చాడు. దాని ముందు ఒక వెడల్పాటి రేకు ఉంటుంది. లాగుతుంటే నీళ్ళ మీద గుడగుడమని చప్పుడు చేస్తుంది. చీకట్లో కూడా చేప ఆ చప్పుడుకి వస్తుంది. అది కూడా ఇప్పటికీ షాపుల్లో ఉంది.

నాకు బాగా నచ్చింది ఫిన్లాండ్ కథ. లౌరీ రపాలా అనే పేద జాలరి. 1936లో ఆయన బెండు లాంటి కార్క్ ముక్కని చెప్పులు కుట్టేవాళ్ళ కత్తితో చెక్కి ఒక చిన్నచేప బొమ్మ చేశాడు. పైన మెరుపు కోసం చాక్లెట్ చుట్టిన రేకు అంటించాడు. నీళ్ళు పట్టకుండా పాత ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. ఆయన గమనించింది ఏంటంటే, గుంపులో కొంచెం తేడాగా, కుంటుతున్నట్టు ఈదే చేపనే పెద్దచేప పట్టుకుంటుంది. ఆ కుంటు నడక తన బొమ్మకి వచ్చేదాకా చెక్కుతూనే ఉన్నాడు. 1962 ఆగస్టులో లైఫ్ మ్యాగజైన్‌లో ఆయన ఎర గురించి వ్యాసం వచ్చింది. అదే సంచిక కవర్ మీద మార్లిన్ మన్రో బొమ్మ. సంచిక విపరీతంగా అమ్ముడుపోయింది, ఎరలకి ఆర్డర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి.

గమనించారా? కార్క్ ముక్క, చాక్లెట్ రేకు, చెప్పుల కత్తి. మా పెదనాన్న రపాలా పేరెప్పుడూ వినలేదు. కానీ ఇద్దరూ చేసింది ఒకటే పని: చేతికందిన వస్తువు తీసుకుని, కొనేవాడి వైపు కాకుండా చేప వైపు చూస్తూ కోశారు.

"ఒక్క చేప పడితే రుజువైపోయిందా బ్రో?" అని మీరు కామెంట్ పెట్టబోతున్నారు, తెలుసు. కరెక్టే. ఒక్క చేపతో ఏదీ రుజువు కాదు. నాకు గట్టి సాక్ష్యం అనిపించింది ఆ పాత ఎరల వయసు. ఎనభై ఏళ్ళు దాటినా జనం ఇంకా కొంటున్నారు. జ్ఞాపకం కోసం ఒకసారి కొంటారు. చేప పడకపోతే రెండోసారి కొనరు.

సరే, ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న విషయం. పెదనాన్న చెప్పుతో కప్ప ఎందుకు చేశాడు?

మా వైపు కొర్రమీనుకి పాతకాలం ఎర అంటే బతికున్న కప్ప. వెదురు గడకి దారం కట్టి, చిన్నకప్పని ముల్లుకి గుచ్చి, కలుపు సందుల్లో నీళ్ళ మీద తడుపుతూ లేపుతూ ఉంటారు. కొర్రమీను ఆగలేదు. పెదనాన్న కూడా చిన్నప్పట్నుంచీ అట్లాగే పట్టేవాడు. మరి ఎందుకు మానేశావని అడిగా. వెంటనే చెప్పలేదు. కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ చెప్పాడు.

"ఒక ఏడు తెగుళ్ళు బాగా వచ్చినయ్ అబ్బాయ్. రెండ్రోజులకోసారి మందు కొట్టాం. ఒకరోజు కొట్టినాక సాయంత్రం వాన పడింది. తెల్లారి గాలం తీసుకుని బోదె గట్టుకి పోయా. కప్పలు ఎల్లకిలా పడున్నయ్. పిల్లకప్పలు, బోదురు కప్పలు, అన్నీ. ఒకటి కాళ్ళు కొట్టుకుంటా ఉంది. ఆ రోజు ఎరకి కప్పని పట్టబుద్ది కాలా. మళ్ళీ ఎప్పుడూ పట్టలా."

ఆ సాయంత్రమే చెప్పు కోశాడట.

నేనేమీ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ మిరప డబ్బుతోనే నా బీటెక్ ఫీజు కట్టారు. మా నాన్న చేలోనూ అవే మందులు. పురుగుమందులు కొట్టొద్దని గట్టున నిలబడి చెప్పడం నాకు ఈజీ. తెగులొస్తే ఎకరానికి పెట్టిన పెట్టుబడి మొత్తం పోయేది వాళ్ళకి. మన గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు 1987-88లో తెల్లదోమ దెబ్బకి ఎట్లా కుప్పకూలారో, ఎంతమంది ప్రాణాలు తీసుకున్నారో ఇక్కడ పెద్దవాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు. కాబట్టి దీన్ని ఒక్క లైన్‌లో తేల్చేసే మనిషిని కాదు నేను.

కానీ కప్ప సంగతి మాత్రం తెలుసుకోవాలి. కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తుంది. నీళ్ళలో ఏది కలిసినా నేరుగా ఒంట్లోకి వెళ్తుంది. అందుకే అందరికంటే ముందు దెబ్బతినేది అదే. పైగా అది పొలంలో పురుగుల్ని తినే జీవి. ఒకప్పుడు మన దేశం నుంచి కప్పకాళ్ళు టన్నులకి టన్నులు విదేశాలకి ఎగుమతయ్యేవి. పొలాల్లో కప్పలు తగ్గిపోతున్నాయన్న ఆందోళనతో 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. విచిత్రం చూడండి, అదే 1987లో ఇక్కడ పత్తిచేలల్లో పురుగు గెలిచింది.

కాబట్టి ఫ్రెండ్స్, పెదనాన్న కప్ప నాకు ఇప్పుడు జుగాడ్ లాగా కనిపించట్లేదు. ఆయన ఆ కప్పలకి చెప్పుకున్న సారీ లాగా ఉంది. ఆ మాట ఆయనతో అంటే "సారీ ఏందిరా, చెప్పు తెగింది, కోశా" అంటాడు.

ఇప్పుడు ప్రాక్టికల్ పార్ట్. ఎలా చేయాలో చెప్తా.

పాత హవాయి చెప్పు మడమ దగ్గర మందంగా ఉంటుంది. అక్కడ బొటనవేలంత ముక్క కోయండి. ముందు సన్నం, వెనక వెడల్పు, పొట్ట చదును. వెనకవైపు చిన్న ఇనప నట్టు ఒకటి దూర్చండి. దాంతో విసరడానికి బరువొస్తుంది, నీళ్ళలో ముక్కు పైకి ఉంటుంది. గాలం ముల్లు మొన వీపుకి ఆనేలా పైకి తిప్పి కట్టండి. అప్పుడు కలుపు మీద జారుతుంది, తగులుకోదు. చేప మూసినప్పుడు రబ్బరు నొక్కుకుని మొన బయటికి వస్తుంది. కాళ్ళకి ట్యూబు పీలికలు. రంగు అక్కర్లేదు. తెల్లవారుజామున, మబ్బులో నలుపే బాగా కనబడుతుంది.

వేసేటప్పుడు కలుపు మీద వేసి, మెల్లగా సందులోకి లాగండి. సందులోకి రాగానే ఆపండి. నేను చేసిన పెద్ద తప్పు ఆపకపోవడం. ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూ ఉండాలని నాకు అలవాటు. పెదనాన్న పక్కన కూర్చుని "ఆగు... ఆగు..." అంటూనే ఉన్నాడు. చేప కొట్టగానే గుంజొద్దు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, దారం బిగిశాక లాగండి. మొదటి రోజు రెండుసార్లు తొందరపడి పోగొట్టుకున్నా. రెండో పొద్దున పడింది. పెద్దదేం కాదు, మూరకి తక్కువే.

నాలుగు జాగ్రత్తలు. ఒకటి, ఊరి చెరువుల్లో చేపల పాట ఉంటుంది. పాడుకున్నవాళ్ళని అడక్కుండా గాలం వేస్తే అది దొంగతనమే. రెండు, వానాకాలంలో నీళ్ళ మీద ఎర్రగా బుడబుడలాడుతూ ఒక పిల్లల గుంపు కనబడుతుంది. అవి కొర్రమీను పిల్లలు. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ ఏది వేసినా కోపంతో కొడతాయి, తేలిగ్గా దొరుకుతాయి. అందుకే వేయొద్దు. ఆ రెంటినీ తీసేస్తే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. మూడు, తెగిన నైలాన్ దారం గట్టున పడేయకండి, కొంగల కాళ్ళకి చుట్టుకుంటుంది. నాలుగు, కాలవ నిండుగా పారుతున్నప్పుడు గట్టు అంచున నిలబడకండి. ఈత వచ్చినా సరే.

ఆఖరుగా ఒక సరదా విషయం. మన కొర్రమీనుకి చైనా వైపు చుట్టం ఒకటుంది. 2002లో అది అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో కనబడింది. వాళ్ళు భయపడిపోయి ఆ కుంటలో మందు కలిపి మొత్తం చంపేశారు. అయినా ఆ తర్వాత దగ్గర్లోని నదుల్లో పాతుకుపోయింది. ఇప్పుడు అక్కడివాళ్ళు దాన్ని ఏ ఎరతో పడుతున్నారో తెలుసా? బాస్ కోసం చేసిన రబ్బరు కప్పతో. హెడన్ ఊరుండే దేశంలో మన చేప చుట్టం, మా ఊళ్ళో హెడన్ కప్పకి చుట్టం.

ఆ డబ్బా ఏం చేశానంటారా? పారేయలేదు. తేటనీళ్ళ చెరువు దొరికితే వాటికీ ఒక ఛాన్స్ ఇవ్వాలి, తప్పు వాటిది కాదు. లైటున్నది మాత్రం పెదనాన్న అడిగి తీసుకున్నాడు. రాత్రిళ్ళు కల్లంలో టార్చ్ వెతుక్కోడానికి పనికొస్తుందట.

మీ ఊళ్ళో గాలానికి ఏ ఎర వాడతారు, ఎవరు నేర్పారు? కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ జవాబులు చదువుతా. అప్పటిదాకా ఉంటాను. నమస్తే.